దొడ్డమ్మ చెవికమ్మ, తల్లి వేలు



చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి పక్కల ఉండే మీకు మొరసునాడు అనే మాట కొత్త కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ కలిపి మాట్లాడే మన సీమకు అది పాత పేరు. ఈ సీమను ఏలిన ఆవతి ప్రభువుల కథ యుద్ధంతో మొదలు కాదు. రాత్రికి రాత్రి బండ్లు కట్టుకొని ఊరు విడిచిన ఒక కుటుంబంతో మొదలవుతుంది.

ఆ కథను లూయిస్ రైస్ దొర మైసూరు గెజెటీరులో రాసిపెట్టాడు. కంచి ప్రాంతంలో మొరసు ఒక్కలిగుల కుటుంబం ఒకటి ఉండేది. పెద్ద రణభైరేగౌడ. ఆయన కూతురు దొడ్డమ్మ. ఆ పిల్లను తనకియ్యమని బలవంతుడైన ఒక నాయకుడు పట్టుబట్టాడు. కాదంటే ప్రాణం దక్కదు, ఔనంటే మానం దక్కదు. అన్నదమ్ములంతా ఆడవాళ్లనూ పిల్లలనూ బండ్లలో ఎక్కించుకొని చీకట్లో బయలుదేరారు. దారిలో ఏరు నిండుగా పారుతోంది, వెనక తరిమేవాళ్లు వస్తున్నారు. అప్పుడు దొడ్డమ్మ గంగమ్మకు మొక్కి, చెవికున్న నగ తీసి నీళ్లలో వేసింది. ఏరు చీలి దారి ఇచ్చిందట. 14వ శతాబ్దం చివర ఆ బండ్లు నందికొండ దాపున రామస్వామి బెట్ట కింద ఆగాయి. ఆవతి అలా వెలిసింది. దేవనహళ్లి, దొడ్డబళ్లాపురం, చిక్కబళ్లాపురం కోటలు ఆ వంశం వారు కట్టించినవే.

ఏరు చీలడం నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను అడిగేది వేరు. అంత భయపడి వచ్చిన జనం ఆ భయాన్ని ఏం చేసుకున్నారు? పుస్తకంలో రాసుకోలేదు. దేవర చేసుకున్నారు.

వాళ్ల దేవుడు భైరవుడు. పెద్ద కూతురికి పెళ్లి మాట రాకముందు చెవులు కుట్టించాలి. అంతకన్నా ముందు తల్లి తన కుడిచేతి చివరి రెండు వేళ్ల కొనలు దేవుడికి ఇవ్వాలి. 1810లో అచ్చయిన తన మైసూరు చరిత్రలో మార్క్ విల్క్స్ దీన్ని వివరంగా చెప్పాడు. వేలిని మొద్దు మీద పెట్టేవారు. ఊరి కమ్మరి కణుపు మీద ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొట్టేవాడు. పిల్లకు తల్లి లేకపోతే, పిల్లవాడి తల్లి అంతకుముందు ఇవ్వనిదైతే, ఆమె ఇవ్వాలి. కోలారు తాలూకా సీతిబెట్ట మీది భైరవుని గుడి ఇందుకు పేరుపడ్డది. వీళ్లను కన్నడంలో ‘బెరళు కొడువ’ వారు అనేవారు. మన తెలుగు చెవికి ‘కొడువ’ అంటే కొట్టడంలా వినిపిస్తుంది గాని, అది ఇవ్వడం. కోసేవారు అనలేదు, ఇచ్చేవారు అన్నారు. రెండు భాషలు చెప్పే పంతులుకు ఇలాంటి మాట దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది.

ఎందుకిలా అని అడిగితే విల్క్స్‌కు వాళ్లు చెప్పిన కథ వేరు. వృకాసురుడు తరుముతుంటే శివుడు పారిపోయి పొదల్లో దాక్కున్నాడు. పొలంలో ఉన్న రైతును రాక్షసుడు అడిగాడు. రైతుకు ఇటు దేవుడి భయం, అటు రాక్షసుడి భయం. నోటితో చూడలేదన్నాడు, చిటికెన వేలితో చూపించాడు. గండం గడిచాక శివుడు ఆ వేలు తీసేయమన్నాడు. అంతలో సద్ది తెచ్చిన పెళ్లాం కాళ్ల మీద పడింది. ఆయన వేలు పోతే మడక పట్టేదెవరు, ఇల్లు గడిచేదెట్లా, ఆయనది ఒకటి బదులు నావి రెండు తీసుకో అంది. శివుడు సరేనన్నాడు.

చూడండి, ఈ కథలోనూ పరుగే ఉంది, దాక్కోవడమే ఉంది. ప్రాణభయంతో ఉన్నవాడిని తరిమేవాడికి పట్టిచ్చిన వేలు ఉంది. కంచి నుంచి వచ్చిన కథనూ దీన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి తోస్తుంది. వాళ్లు ఊరు విడిచింది ఒక కూతురి కోసం. వేలు ఇచ్చేదీ కూతురు పెళ్లికి ఎదిగినప్పుడే. ఏటి దగ్గర పోయింది చెవి నగ. ఇక్కడ జరగబోయేది చెవులు కుట్టడం. ఈ పండుగకు ‘బండి దేవర’ అని పేరు. సింగారించిన బండ్లలో కుటుంబాలన్నీ కలిసి వస్తాయి. ఆనాటి చీకటి ప్రయాణాన్ని పగటి పూట, మేళతాళాలతో మళ్లీ చేసినట్టు లేదూ? ఇది నా ఊహ. శాసనం ఏదీ చూపించలేను.

అయితే దీన్ని పొగడడం నా వల్ల కాదు. పేరు కులానిది, నొప్పి ఆడదానిది.

ఇలాంటి సంగతి మన కాలంలోనూ జరిగింది. ఇరాక్ ఉత్తరాన యజీదీలని ఒక చిన్న మతం వారున్నారు. తమ మీద జరిగిన ఊచకోతలను ‘ఫర్మాను’ అంటారు, డెబ్బైకి పైగా లెక్క చెప్తారు. 2014 ఆగస్టు 3న సింజారు మీద ఐసిస్ ముష్కరులు పడ్డారు. వేలమందిని చంపారు. 6,000కు పైగా ఆడవాళ్లనూ పిల్లలనూ ఎత్తుకుపోయారు. మిగిలినవారు కొండెక్కి, ఆ తర్వాత శిబిరాల్లో గుడారాల పాలయ్యారు. వాళ్ల కట్టుబాటు కఠినం. బయటివాడి చేయి పడిన ఆడది మళ్లీ తమలో చేరడానికి లేదు. మరి చెర నుంచి తప్పించుకొచ్చిన పిల్లల గతి?

అప్పటి మతపెద్ద బాబా షేక్ ఖుర్తో హాజీ ఇస్మాయిల్ ఆ కట్టుబాటును సడలించాడు. వచ్చినవాళ్లు మన బిడ్డలే, వాళ్లకు ఏ మచ్చా లేదని ప్రకటించాడు. లాలిష్ లోయలో ‘కానియా స్పి’, అంటే తెల్ల ఊట ఉంది. పసిపిల్లలకు స్నానం చేయించే ఆ నీళ్లతోనే తిరిగొచ్చిన ఆడవాళ్ల తల తడిపారు. ఆ గుడిలో స్తంభాలకు పట్టుగుడ్డలుంటాయి. వచ్చినవారు ముందు ఎవరో వేసిపోయిన ముడి విప్పి, తర్వాత తమ ముడి వేస్తారు. ముందు విప్పాలి, మొదటివారి కోరిక తీరాలి. తిరిగొచ్చిన నాదియా మురాద్‌కు 2018లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

కానీ ఆ ఊట నీళ్లు అందరికీ అందలేదు. చెరలో పుట్టిన పసివాళ్లను 2019 ఏప్రిల్‌లో మత మండలి చేర్చుకుంటామన్నట్టు చెప్పి, కొద్దిరోజులకే ఆ మాట వాళ్లకు వర్తించదంది. ఊరు కావాలంటే బిడ్డను వదలాలి, బిడ్డ కావాలంటే ఊరు వదలాలి. ఎందరో తల్లులు అక్కడ నిలబడిపోయారు. ఇక్కడా బరువు తల్లి చేతిలోనే పడింది.

మన సీమకు వద్దాం. 19వ శతాబ్దంలో ప్రభుత్వం వేలు తీయడాన్ని నిషేధించింది. నిషేధిస్తే దేవుడు ఊరుకుంటాడా, పిల్లలకు ఏమైనా అయితే అని ఆ తల్లులు ఎంత బెదిరి ఉంటారో ఊహించండి. వాళ్లు దేవర మానలేదు. 1891 జనాభా లెక్కల నాటికి ఏం చేస్తున్నారంటే, వేలికి బంగారు తొడుగో వెండి తొడుగో పెట్టుకుంటారు. వేలికి బదులు దాన్ని లాగేస్తారు. సర్కారు భయంతో వచ్చిన మార్పే కావచ్చు. కానీ ఏటి ఒడ్డున గంగమ్మ అడగకుండానే దొడ్డమ్మ ఇచ్చిందీ బంగారమే, వేలు కాదు. ఆ కథ మొదటినుంచీ వాళ్ల దగ్గరే ఉంది.

మీ ఇళ్లలో ముసలమ్మలుంటే ఒకసారి అడిగి చూడండి. బండి దేవర చివరిసారి ఎప్పుడు జరిగింది, బండ్లు ఏ ఊళ్ల నుంచి వచ్చాయి, తొడుగు బంగారమా వెండా, దాన్ని ఎవరు లాగారు, తర్వాత అది ఎవరి పెట్టెలో ఉండేది అని. చెప్తే రాసిపెట్టుకోండి, తెలుగులో గాని కన్నడంలో గాని.

సెలవు.