వరదలో మునిగిన పనిముట్ల పునరుద్ధరణ

వరదలో మునిగిన పనిముట్ల పునరుద్ధరణ అనగా నీట మునిగిన లోహపు పనిముట్లను, పనిశాలలోని యంత్రాలను శుభ్రపరచి తిరిగి వాడుకలోకి తేవడం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఇటువంటి విపత్తులలో వడ్రంగులు, కమ్మరులు, మెకానిక్కుల జీవనాధారం పనిముట్లపైనే నిలుస్తుంది.

తుప్పు పట్టే విధానం

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ అవసరం. నీటి అడుగున ఆక్సిజన్ తక్కువ. తడి పనిముట్టు గాలిలోకి వచ్చిన తరువాత తుప్పు వేగం పుంజుకుంటుంది. కనుక ఒకేసారి అన్నిటినీ బయట ఆరబెట్టరాదు, శుభ్రపరచగలిగినన్నే తీయాలి.

శుభ్రపరచే క్రమం

* చేతి తొడుగులు, బూట్లు ధరించాలి. వరద బురద వలన ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) సోకవచ్చును.
* వెర్నియర్, మైక్రోమీటర్ వంటి కొలత సాధనాలను ముందుగా చూడాలి.
* ఒండ్రు ఎండకముందే మంచినీటితో కడిగి, తుడిచి, పూర్తిగా ఆరబెట్టి నూనె పూయాలి.
* పట్టిన తుప్పును తీగ బ్రష్షుతో గీకాలి. మొండి తుప్పు ఉన్న వాటిని వెనిగర్‌లో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి వెంటనే నూనె రాయాలి.

విద్యుత్ యంత్రాలు

మోటారు లోపల ఆరకముందు విద్యుత్తు ఇస్తే వైండింగ్ కాలిపోవచ్చును, షాక్ కొట్టవచ్చును. విప్పి, కడిగి, ఆరబెట్టి, మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్షించిన తరువాతే నడపాలి. బురద చేరిన బేరింగులను మార్చడం మేలు. నీట నానిన సానచక్రం తిరిగేటప్పుడు పగిలే ప్రమాదమున్నందున దానిని పారవేయాలి.