బందరు లడ్డు, పాల రంగు రక్తం, భీమవరం సుబ్బారావు గారు

పోయినేడాది మా అక్క కొడుక్కి లుకేమియా అని తేలింది. వాడికి ఆరేళ్ళు. అక్కావాళ్ళుండేది గుడివాడలో, బావ వాళ్ళది దివిసీమ, అవనిగడ్డ దగ్గర. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకి రక్తం తీస్తే, ట్యూబులో పైకి తేరిన ద్రవం పాలలా తెల్లగా ఉంది. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో కొవ్వు, వెయ్యి దాటాయి. పెద్దవాళ్ళకే 150 లోపు ఉండాలంటారు.

ఇంకేముంది, ఇంట్లో గొడవ. "ఆ నేతి లడ్డూలు పెట్టబట్టే" అన్నారు బావ వాళ్ళ నాన్నగారు. లడ్డూలు తెచ్చింది బందర్లో ఉండే మా పెద్దమ్మ. శనగపిండి పూస వేయించి, దంచి, బెల్లం పాకం, నెయ్యి పోసి తొక్కిన అసలు సిసలు తొక్కుడు లడ్డు. "నా చేత్తో నేనే పెట్టాను కదరా" అని ఫోన్లో ఏడ్చింది ఆవిడ.

లడ్డు తప్పేం లేదని డాక్టరు గారు చెప్పారు. కొన్నాళ్ళు నూనె, నెయ్యి తగ్గించమన్నారు, అది వేరే సంగతి. అసలు కారణం మందే. ఆస్పరాజినేజ్ అనే ఎంజైము ఒకటి ఇస్తారు. మామూలు కణాలు ఆస్పరాజిన్ అనే అమినో ఆసిడ్‌ని తామే తయారుచేసుకోగలవు, ఈ లుకేమియా కణాలకి ఆ తెలివి తక్కువ, రక్తంలోంచి తీసుకోవాలి. ఈ మందు రక్తంలో ఉన్నదాన్ని విరగ్గొట్టేస్తుంది, అవి పస్తుంటాయి. (1953లో గినీ పిగ్ సీరంలో ఏదో కాన్సరుని చంపుతోందని కిడ్ అనే ఆయన గమనించడంతో మొదలైన కథ ఇది.) దాంతోపాటు స్టెరాయిడ్లు కూడా ఇస్తారు. స్టెరాయిడ్ వల్ల కాలేయం కొవ్వుని ఎక్కువగా రక్తంలోకి వదులుతుంది, ఆస్పరాజినేజ్ వల్ల ఆ కొవ్వుని తొలగించే ఎంజైము మందగిస్తుంది. వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ. మందు ఆగాక చాలామందికి దానంతటదే దిగుతుంది. మావాడికీ దిగింది.

అక్కడితో ఆగొచ్చు కానీ, ఎర్రర్ పోయినా అదెందుకొచ్చిందో తెలిసేదాకా నిద్రపట్టని ఉద్యోగం నాది. కొవ్వుకీ రక్తం కాన్సరుకీ ఏమిటి సంబంధం అని తవ్వుకుంటూ పోతే మళ్ళీ మన పక్కూరికే వచ్చాను. గుడివాడలో రైలెక్కితే కైకలూరు, ఆకివీడు దాటి భీమవరం. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టింది అక్కడే.

ఆయన గురించి వాట్సాప్‌లో తిరిగేవన్నీ "నోబెల్ ఇవ్వలేదు" అన్న ఏడుపే. జబ్బు సంగతి ఎవరూ చెప్పరు. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తర్వాత ఆయనకీ అదే వచ్చింది, మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. స్ప్రూలో చిన్నపేగు లోపలి పొర దెబ్బతిని, తిన్న కొవ్వు ఒంటికి పట్టదు, విరేచనంలో పోతుంది. మనిషి ఎండిపోతాడు. అదే పేగు ఫోలిక్ ఆసిడ్‌ని కూడా పీల్చుకోలేదు కాబట్టి రక్తం తయారవ్వడం దెబ్బతింటుంది. కొవ్వు జబ్బూ రక్తం జబ్బూ ఒకే చోట కలిసిన రోగం అన్నమాట. నా మటుకు నాకు, ఆయన తర్వాత చేసిందంతా ఇక్కణ్ణించే చదవాలనిపిస్తుంది.

హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. నీలం రంగు ఎంత చిక్కగా వస్తే అంత ఫాస్ఫరస్. కణాల పొరల్లో ఉండే ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వుల్ని కొలవడానికి, 1959లో బార్ట్‌లెట్ మార్చిన రూపంలో, ఇదే పద్ధతి లాబుల్లో ఇప్పటికీ వాడతారు. 1929లో ఏటీపీని బయటపెట్టారు (అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా). ఒంట్లో కొవ్వు కాలిస్తే చివరికి చేతికొచ్చేది ఈ ఏటీపీయే.

1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఫోలిక్ ఆసిడ్ వెంటనే స్ప్రూ రోగులకి పనిచేసింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకి! బోస్టన్‌లో ఫార్బర్ ఇలాంటి మందులు లుకేమియా పిల్లలకిస్తే మాత్రం జబ్బు ఇంకా వేగంగా పెరిగింది. అయితే దీనికి అడ్డం కొట్టే మందు ఇస్తే? లెడర్లీలో సీగర్, హల్ట్‌క్విస్ట్ వగైరాలు తయారుచేసిన అమినోప్టెరిన్ అలా వచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన లెక్క ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే, పిల్లలు తర్వాత పోయారు. అయినా లుకేమియా వెనక్కి తగ్గుతుందని నమ్మకంగా చూపించింది అదే. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు 53 ఏళ్ళకి పోయారు. అమినోప్టెరిన్ చెల్లెలు లాంటి మెథోట్రెక్సేట్ నిలబడింది.

ఇప్పుడు పరిశోధన మళ్ళీ కొవ్వు దగ్గరికొచ్చింది. ఎముక మూలుగలో కొవ్వు కణాలుంటాయి. ఒక రకం లుకేమియా (ఏఎంఎల్) కణాలు వాటి చేత కొవ్వు ఆసిడ్లు కక్కించి, తెచ్చుకుని కాల్చుకుంటాయని 2017లో ఇంగ్లండు వాళ్ళు చూపించారు. ఆ జబ్బుకే వెనెటోక్లాక్స్, అజాసిటిడిన్ కలిపి ఇస్తే కాన్సరు మూలకణాలకి ఏటీపీ తయారీ దెబ్బతింటుంది. జబ్బు తిరగబెట్టినవాళ్ళలో మాత్రం అవి కొవ్వు మీద బతకడం నేర్చుకుంటాయని 2018లో కొలరాడో బృందం రాసింది. వెధవలు, ఒక దారి మూస్తే ఇంకో పోర్టు తెరుస్తాయి!

దీన్ని చదివి ఎవరూ పిల్లలకి నెయ్యి మానిపించకండి బాబూ. 2021లో అమెరికాలో పదేళ్ళు దాటిన 40 మందికి మొదటి నెలలో డాక్టర్ల పర్యవేక్షణలో కాలరీలు తగ్గించి, వ్యాయామం చేయిస్తే జబ్బు మిగిలిపోవడం తగ్గినట్టు కనిపించింది. బాగుంది, కానీ చిన్న ప్రయోగం. మన దగ్గర చాలామంది పిల్లలు అసలే బక్కపల్చగా ఉండి, సరైన తిండి లేక కీమో తట్టుకోలేకపోతారు.

మావాడిప్పుడు మెయింటెనెన్స్‌లో ఉన్నాడు. వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు. మొన్న పెద్దమ్మకి ఇదంతా చెప్పాను. ఆస్పరాజినేజ్, ట్రైగ్లిజరైడ్లు ఏవీ పట్టించుకోలేదు. "వాళ్ళమ్మ పేరేంట్రా?" అంది. వెంకమ్మ గారు అని చెప్పా. "ఇద్దరు పోయాక ఈ పిల్లాణ్ణి అంత దూరం ఎలా పంపిందో" అని, కాసేపాగి, వాడికి లడ్డు ఎప్పట్నుంచి పెట్టొచ్చో డాక్టర్ని కనుక్కోమంది.