కైరవాను మహామసీదు

ట్యునీసియా దేశమునందలి కైరవాను పట్టణమును క్రీ. శ. 670లో అరబ్బు సేనాని ఉక్బా ఇబ్ను నాఫీ దండువిడిదిగా స్థాపించి, దాని నడుమ నొక మసీదును నిర్మించెను. పట్టణనామము పారసీకమున బిడారునకుఁ గల పేరునుండి పుట్టినది. ఆ తొలి మందిరము నిలువలేదు. 8వ శతాబ్దారంభమున హస్సాను ఇబ్ను నోమాను దానిని మరలఁ గట్టించెను. పిమ్మట నది రెండు మాఱులు మార్పులఁ బొందెను. నేఁడు కానవచ్చు కట్టడము ప్రధానముగా 836లో అగ్లబీ వంశజుఁడగు మొదటి జియాదతుల్లా కట్టించినదే. కావున దీనిని 670 నాఁటి కట్టడమని చెప్పుట యుక్తము కాదు.

అట్లైనచో ఉక్బా నాఁటిది లేశమైనను మిగిలినదా? ఇందునకు అల్-బక్రీ యను అందలూసియా భూగోళవేత్త యొక వృత్తాంతమును జెప్పియున్నాఁడు. జియాదతుల్లా పూర్వుల చిహ్నమేదియు మిగులరాదని పాత మిహ్రాబునుగూడఁ గూల్పఁబోఁగా, అది ఉక్బా నిలిపినదని జనులు వారించిరఁట. అప్పు డొక శిల్పి దానిని రెండు గోడల నడుమ మఱుఁగుపఱచి యుభయులను దృప్తిపఱచెనఁట. నేఁటి మిహ్రాబునందలి చలువఱాతి పలకలలోఁ గొన్ని జాలులుగాఁ జెక్కఁబడినవి. వాని సందులనుండి వెనుక నొక గూడు కనఁబడును. అది యీ కథకు బలము నిచ్చుననుట నిజమే. కాని బక్రీ గ్రంథము 1068 నాఁటిది. కథాకాలమునకు 230 ఏండ్లకుఁ బైగా నర్వాచీనము. గూడున్నదనుట సిద్ధము, అది ఉక్బాదే యనుట సిద్ధము కాదు.

ఇంతకంటె దృఢమగు సాక్ష్యము వేఱొకటి కలదు. ఈ మసీదు ముఖము మక్కాకు సరిగాఁ గాక దక్షిణమునకు మిక్కిలి యొరిగియున్నది. గోడలఁ గూల్చినవారును దిక్కును దిద్దుటకు సాహసింపలేదు. స్థాపకునియెడఁ గల గౌరవమే యిందులకుఁ గారణమై యుండును.

లోపలి స్తంభములలోఁ బెక్కులు రోమక, బైజాంటియ శిథిలములనుండి తెచ్చినవి. ఒకదాని బోదెకు మఱియొకదాని తల యతికిన చోట్లును గలవు. 1057లో హిలాలీ తెగలవారు పట్టణమును గొల్లగొట్టిరి. తరువాత 1294లో హఫ్సీ ప్రభువులు మసీదును బాగుచేయించిరి.

862 ప్రాంతమున అమీరు అబూ ఇబ్రాహీము అహమ్మదు మిహ్రాబు చుట్టును బాగ్దాదు పనితనముగల మెఱుఁగు పలకల నతికించి, టేకు మింబరును జేయించెను. మూఁడువందల చెక్కడపు పలకలుగల యీ వేదిక, నేఁటికి నిలిచిన మింబరులలో నన్నిటికంటెఁ బ్రాచీనము. టేకు ఆఫ్రికాలో సహజముగాఁ బెరుగునది కాదు. తూర్పు సముద్రములు దాఁటి వచ్చినది. ఆ పలకలు మొదట అమీరు కొలువుకూటమునకును, ఆ దారువు తంత్రీవాద్యములు చేయుటకును దెప్పింపఁబడినవని యైతిహ్యము.