మా కంప్యూటరు పునర్జన్మల చరిత్ర



చరిత్ర అనగానే రాజులూ, యుద్ధాలూ, శాసనాలూ మనకు జ్ఞాపకం వస్తాయి. ఇంట్లో మూలనున్న కంప్యూటరు పదేపదే ఆగి తనంతట తానే మళ్ళీ మొదలవడానికి కూడా ఒక చరిత్ర ఉన్నదంటే కొందరు నవ్వవచ్చు. నేనూ ఒకప్పుడు నవ్వేవాణ్ణే. ఆ చరిత్ర తెలియకపోవడం వల్ల మా తండ్రిగారు సేకరించిన సామెతలలో అరవై మూడింటిని శాశ్వతంగా పోగొట్టుకున్నాను. అందుచేతనే ఈ వ్యాసం.

ముందుగా ఆ సామెతల పుస్తకం సంగతి చెప్పాలి. మా తండ్రిగారు పల్లెటూరి బడిపంతులు. ముప్పై ఏళ్ళపాటు ఊరూరా విన్న సామెతలను ఒక బౌండు పుస్తకంలో సిరాతో వ్రాసుకున్నారు. వారు పోయిన తరువాత ఆ పుస్తకం నాకు వచ్చింది. అప్పట్లో మేము అశోక్‌నగర్‌లో, హుసేన్‌సాగర్ మిగులు నీరు పారే నాలాకు దగ్గరలో, క్రింది అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. 2000 సంవత్సరం ఆగస్టు 24న నగరంలో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసి, ఆ నాలా పొంగింది. అశోక్‌నగర్, దోమలగూడ వీధులు మునిగిపోయాయి. మా ఇంట్లో మోకాలిలోతు నీళ్ళు. బీరువా క్రింది అరలోని ఆ పుస్తకం తడిసి, ఆరిన తరువాత అప్పడంలాగా పెళుసెక్కింది. ఇక ఆలస్యం చేస్తే అక్షరాలు మిగలవని తోచింది. చిక్కడపల్లికి ఇల్లు మారాక, 2003 జులైలో ఒక కంప్యూటరు కొన్నాను. అప్పటికి విండోస్ ఎక్స్‌పీ వచ్చి రెండేళ్ళు కావస్తోంది. అందులో గౌతమి అనే తెలుగు ఖతి ఉండడంతో, సామెతలను యూనికోడు తెలుగులో టైపు చేయడం ప్రారంభించాను.

నెల తిరక్కుండానే మొదటి ఉపద్రవం వచ్చింది. ఫోను తీగ కలిపి ఇంటర్నెట్టులోకి వెళ్ళిన కొద్ది నిమిషాలకే తెరమీద ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమయ్యేది. అరవై సెకన్లలో యంత్రం ఆగిపోతుందనీ, చేస్తున్న పనిని భద్రపరచుకోమనీ హెచ్చరిక. అరవై నుంచి సున్నాకు అంకెలు దిగుతూ ఉండేవి. తరువాత అంతా మొదటికే.

ఇది ఒక్క మా ఇంటి కష్టం కాదని మరునాడు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో వార్తాపత్రికలు తిరగేస్తే తెలిసింది. 2003 ఆగస్టు 11న బయటపడిన బ్లాస్టర్ అనే పురుగు ప్రపంచమంతా ప్రాకుతున్నది. విండోస్‌లో ఒక యంత్రం మరొక యంత్రాన్ని పని అడిగే ‘రిమోట్ ప్రొసీజర్ కాల్’ అనే వ్యవస్థలోని లోపంగుండా అది జొరబడేది. ఆ ప్రయత్నంలో ఆ వ్యవస్థ కూలిపోయేది. అది లేనిదే విండోస్ నడవదు గనుక యంత్రం తనను తాను తిరిగి ప్రారంభించుకొనేది. విచిత్రమేమంటే, ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మందు విడుదల చేసింది జులై 16ననే, అంటే ఇరవై ఆరు రోజుల ముందే. వాడినవారు తక్కువ. మా బడిలో చదివి ఇంజనీరింగులో చేరిన ఒక శిష్యుడు ఆ మందును సీడీలో తెచ్చి ఇచ్చాడు. అంకెలు దిగుతుండగానే ‘షట్‌డౌన్ -ఏ’ అని ఆజ్ఞ ఇస్తే లెక్క ఆగిపోతుందని కూడా నేర్పాడు. గండం గడిచింది.

2004 ఏప్రిల్ నెలాఖరున సాసర్ అనే మరొక పురుగు వచ్చింది. దారి వేరు, లక్షణం అదే. మళ్ళీ అదే పెట్టె, అవే అరవై సెకన్లు. దానిని వ్రాసినవాడు జర్మనీకి చెందిన ఒక విద్యార్థి అని తరువాత తేలింది. ఆ ఏడు ఆగస్టులో వచ్చిన రెండవ సర్వీస్ ప్యాక్‌తో విండోస్‌లోని రక్షణకుడ్యం మొదటినుంచీ పనిచేసే ఏర్పాటు జరిగి, ఇటువంటి పురుగుల బెడద చాలావరకు తగ్గింది.

అయితే ఈ రెండు పురుగులూ పోతూ పోతూ మన మనస్సులలో ఒక నమ్మకాన్ని నాటి వెళ్ళాయి. యంత్రం తనంతట తాను మొదలయితే అది వైరస్సే. వైరస్సుకు మందు ఫార్మాటే. పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రమన్నట్లు ఆ రోజుల్లో ఏ దుకాణానికి వెళ్ళినా ఇదే మాట.

2005 వేసవిలో మా యంత్రం మళ్ళీ పునర్జన్మలెత్తసాగింది. ఈసారి పెట్టె లేదు, హెచ్చరిక లేదు, అరవై సెకన్లు లేవు. టైపు చేస్తుండగా తటాలున తెర నల్లబడేది. అప్పటికి పదకొండు వందల సామెతలు పూర్తయ్యాయి. యంత్రాన్ని ఒక మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్ళాను.

“వైరస్ సార్. ఫార్మాట్ కొట్టేస్తే సాఫ్ అయితది” అన్నాడు అక్కడి కుర్రవాడు.

“బాబూ, అందులో నా వ్రాతలున్నాయి” అన్నాను.

“డీ డ్రైవుల ఉన్నవి పోవు సార్” అని ధైర్యం చెప్పాడు. నా వ్రాతలు ‘మై డాక్యుమెంట్స్’లో ఉన్నాయి. అది సీ డ్రైవులోని భాగమని నాకు తెలియదు, అతడు అడగలేదు. సాయంత్రానికి యంత్రం కొత్తదానివలె తిరిగి వచ్చింది. పదకొండు వందల సామెతలూ పోయాయి. మూడవ రోజున యంత్రం మళ్ళీ తనంతట తానే మొదలయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పుస్తకం ఉన్నదిగదా, మళ్ళీ టైపు చేయవచ్చుగదా అని ఇంట్లోవాళ్ళు ఓదార్చారు. కానీ మొదటిసారి పుటలు తిప్పినప్పుడే కొన్ని అంచులు పొడిపొడిగా రాలిపోయాయి. ఒకసారి చదవగలిగిన పుటను రెండవసారి చదవలేనని నాకు తెలుసు.

అప్పుడు, ఎవరి మాటా నమ్మకుండా, చరిత్ర పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఏమి చెప్పేవాణ్ణో అదే చేశాను. సంఘటనను తేదీతో సహా వ్రాసి పెట్టడం. ఒక నోటుపుస్తకంలో ప్రతి పునఃప్రారంభానికీ తేదీ, గంట, నిమిషం, అప్పుడు ఏమి చేస్తున్నానో, దీపం మినుకుమన్నదో లేదో వ్రాసుకున్నాను. పది రోజులలో ఇరవై ఏడు పద్దులు చేరాయి.

ఆ పద్దులు చదివితే కొన్ని సంగతులు తేలాయి. ఫోను తీగ పూర్తిగా తీసివేసిన రోజున కూడా యంత్రం ఆగింది. దీపం మినుకుమన్నది మూడుసార్లే. ఈ కరెంటు సంగతి కొంచెం వివరించాలి. హుసేన్‌సాగర్ ఒడ్డున 1920లో విద్యుత్కేంద్రం వెలసిన నాటినుంచీ మన నగరవాసులకు దీపం మినుకుమనడం అలవాటే. దీపం మినుకుమంటుంది, పంకా మందగిస్తుంది, మళ్ళీ తేరుకుంటాయి. కంప్యూటరు అలా కాదు. కరెంటు తెగితే దాని పవరు సప్లయి పదహారు, పదిహేడు మిల్లీసెకన్లకు మించి నిలబడుతుందన్న భరోసా లేదు. మన 50 హెర్ట్జుల కరెంటులో ఒక్క ఆవృత్తికే ఇరవై పడుతుంది. అందుకే యూపీఎస్. నారాయణగూడలోని స్నేహితుని యూపీఎస్ ఒక వారం తెచ్చి పెట్టాను. అయినా ఆగింది.

పద్దులలో అసలు ఆధారం మరొకటి. ఎక్కువ పునఃప్రారంభాలు ఉదయం, యంత్రం చల్లగా ఉన్నప్పుడు, వేసిన కొద్ది నిమిషాలలోనే జరిగాయి. వేడివల్లనయితే పని చేయగా చేయగా ఆగాలి. చివరిగా నా శిష్యుడు ఫోనులో ఒక పరీక్ష చెప్పాడు. “మాస్టారూ, వేయగానే డిలీట్ మీట నొక్కి బయాస్ తెరలో ఊరికే వదిలిపెట్టండి. అక్కడ విండోస్ ఇంకా లేవదు. అక్కడా ఆగితే వైరస్సు కాదు.” వదిలిపెట్టాను. నాలుగు నిమిషాలకు ఆగింది.

యంత్రాన్ని మోసుకొని నారాయణగూడలో రేడియోలూ టీవీలూ బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. కంప్యూటరు ఆయన వృత్తి కాదు. మూత తీసి, టార్చి వేసి చూసి, “కండెన్సర్లు ఉబ్బినయి సార్” అన్నాడు. ప్రాసెసరు చుట్టూ వరుసగా నిలబడ్డ చిన్న డబ్బాలవంటి కెపాసిటర్లలో ఐదింటి తలలు పూరీల్లాగా ఉబ్బి ఉన్నాయి. ఒకదానినుంచి గోధుమరంగు మడ్డి కారింది. ప్రాసెసరుకు అందే ఒకటిన్నర వోల్టుల కరెంటును ఒడుదుడుకులు లేకుండా ఉంచడం వాటి పని. అవి చెడితే ఆ కరెంటు తొణుకుతుంది, ప్రాసెసరు తడబడుతుంది, యంత్రం మొదటికి వస్తుంది.

ఇది కూడా ప్రపంచవ్యాప్తమైన జబ్బేనని తరువాత తెలుసుకున్నాను. 2000 ప్రాంతంనుంచి కొన్నేళ్ళపాటు తయారయిన అనేక కెపాసిటర్లలో నింపిన ద్రవం సరయినది కాదు. లోపల వాయువు పుట్టి డబ్బాలు ఉబ్బేవి. ఐఈఈఈ స్పెక్ట్రం పత్రిక దీనిగురించి 2003 ఫిబ్రవరిలోనే, అంటే బ్లాస్టర్ రావడానికి ఆరు నెలల ముందే వ్రాసింది. 2005లో డెల్ సంస్థ ఇటువంటి యంత్రాలు సరిచేయడం మొదలైన ఖర్చులకు 30 కోట్ల డాలర్లు ప్రక్కన పెట్టవలసి వచ్చింది. పురుగు పేరు లోకమంతా మోగింది, ఉబ్బిన డబ్బా సంగతి మాత్రం ఇంజనీర్ల మధ్యనే ఉండిపోయింది.

ఆ పెద్దాయన ఐదు కెపాసిటర్లూ మార్చి టంకం వేశాడు. యంత్రం మరి ఆరేళ్ళు నడిచింది. నేను రెండవసారి మొదలుపెట్టిన టైపు పని పది నెలలలో ముగిసింది. అరవై మూడు సామెతలు మాత్రం చిక్కలేదు. ఆ పుటలు అప్పటికే పొడి అయిపోయాయి.

నేటి యంత్రాలకు నేటి కారణాలున్నాయి. విండోస్ 10 వచ్చాక అప్‌డేట్ల కోసం రాత్రిపూట తామే పునఃప్రారంభమవుతున్నాయి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలువల్ల ప్రపంచంలో 85 లక్షల యంత్రాలు దెబ్బతిన్నాయి. ఎన్నో యంత్రాలు లేస్తూ పడుతూ ఉండిపోయాయి. ఆ రోజున హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు. అది పురుగూ కాదు, కెపాసిటరూ కాదు.

కనుక ఈ కష్టం వచ్చినవారికి నా మనవి. నిన్నటి జబ్బు పేరు నేటి జబ్బుకు పెట్టకండి. ముందు వ్రాతలన్నిటికీ మరొకచోట నకలు తీయండి. తరువాత తేదీలు వ్రాయండి. యంత్రం కూడా తనవంతు వ్రాస్తూనే ఉంటుంది. ‘ఈవెంట్ వ్యూయర్’లో 1074 అన్న సంఖ్య కనబడితే ఎవరో అడిగి ఆపించినట్లు, ఆ అడిగినదెవరో కూడా అక్కడే ఉంటుంది. 6008 గానీ, 41 గానీ ఉంటే చెప్పకుండా ఆగినట్లు. అవి వేళ చెబుతాయి తప్ప కారణం చెప్పవు. కారణాన్ని వెదకవలసింది మనమే, ఒక్కొక్కసారి ఒక్కటే మార్చి చూస్తూ. ఫార్మాటు అన్నిటికన్నా చివరిది.

మా తండ్రిగారి సామెతలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. ఒక ముద్రిత ప్రతి నా బల్లమీదనే ఉన్నది. అందులో అరవై మూడు సంఖ్యల ఎదుట ఖాళీ వదిలిపెట్టాను. చదువరులలో ఎవరికైనా తమ ఊరి సామెతలు వ్రాసుకునే అలవాటుంటే, ఈ రాత్రే ఒక నకలు తీసి పెట్టుకోండి.