సారపాక సీమలో దుప్పి వేట

గోదావరికి ఈవల సారపాక, ఆవల భద్రాచలం. ఇక్కడి కోయలు ఏటా విత్తనాల పండుగకు విల్లంబులు పట్టి దుప్పి, కణుజుల కోసం అడవి గాలించేవారు. ఉత్తచేతులతో తిరిగొచ్చినవాళ్లపై ఆడవాళ్లు పేడ, బురద చల్లేవారు. చట్టం కన్నా ఆ పేడకే మగవాళ్లు ఎక్కువ జంకి ఉంటారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం లైసెన్సు లేని వేటను నేరం చేసింది. 1991 సవరణతో లైసెన్సు వేటా పోయింది. ఈలోగా 1977లో కిన్నెరసాని అభయారణ్యమైంది, 1979లో సారపాకలో పేపరుబోర్డు మిల్లు ఉత్పత్తి మొదలైంది. వెదురుతో మొదలైన ముడిసరుకు గిరాకీ క్రమంగా రైతుల పొలాల్లోకి జామాయిల్, సుబాబుల్ తోటలను తెచ్చింది.

ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం అడ్డుపడింది. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమికి పట్టా, తునికాకు, ఇప్పపువ్వులపై హక్కు ఇచ్చింది. వేటను మాత్రం పేరుపెట్టి మినహాయించింది.