మోటారు సైకిలు క్లచ్చి: దాని పుట్టుక, దాని బిగువు



తెలుగు పండితునకు మోటారు సైకిలుతో పనియేమి యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నేను 32 సంవత్సరములు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో వ్యాకరణమును, పద్యమును బోధించితిని. ఆ కాలమున చాల భాగము బుల్లెట్టు మీదనే బడికి పోయితిని. పిల్లలు నా వెనుక నన్ను 'బుల్లెట్టు పంతులు' అనెడివారని నాకు తెలియును. ఆ బండి నేటికిని నా వద్ద కలదు. అది యించుమించుగా నా చేయి దాటిపోవలసిన కథను, ఆ కథకు మూలమైన యొక సన్నని తీగ చరిత్రను ఈ సాయంకాలము మీకు విన్నవింపదలచితిని. మీ గ్రామములందు నేడు ఎద్దుబండ్లకంటె మోటారు సైకిళ్లే యెక్కువ గదా. పాలు మోయునది అదియే, ఎరువు మూట తెచ్చునది అదియే, రాత్రివేళ రోగిని ఆసుపత్రికి చేర్చునదియు అదియే. కావున ఈ మాటలు మీకు నిరుపయోగములు కావని నమ్ముచున్నాను.

ఉద్యోగ విరమణానంతరము నేను హైదరాబాదునందలి ఫిలింనగరులో మా కుమారుని యింట చేరితిని. బండిని లారీ మీద తెప్పించితిని. జూబిలీ హిల్సు, ఫిలింనగరు అను ప్రదేశములు మన పల్లెలవలె సమతల భూములు కావు. అవి గ్రానైటు గుట్టలు. ఆ రాతి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. 1960ల నాట చల్లగళ్ల నరసింహంగారను ఐ.ఏ.ఎస్. అధికారి సహకార గృహనిర్మాణ సంఘమును నెలకొల్పి ఆ రాళ్ల నడుమ జూబిలీ హిల్సునకు రూపు కల్పించెను. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియోను స్థాపించిరి. తరువాత మద్రాసునుండి చిత్రసీమవారు ఒకరి వెంట నొకరు తరలివచ్చిరి. ఫిలింనగరు వెలసెను, రామానాయుడుగారి స్టూడియో కొండమీద నిలిచెను. ఇన్ని మేడలు కట్టిరి గాని గుట్టను చదును చేయలేకపోయిరి. వీధులు ఆ రాళ్లను చుట్టుచు ఎక్కుచు, దిగుచు, మలుపులు తిరుగుచు పోవును.

నా బండికిని ఆ చిత్రసీమవారికిని పుట్టినిల్లు ఒక్కటే యని నాకొక చమత్కారము తోచినది. ఇంగ్లండు దేశమున రెడ్డిచ్ పట్టణమందలి రాయల్ ఎన్‌ఫీల్డు వారును, మద్రాసు మోటార్సు వారును కలిసి 1955లో మద్రాసున బుల్లెట్టు నిర్మాణమునకు పూనుకొనిరి. తిరువొత్తియూరున బుల్లెట్టు, వడపళనిలో తెలుగు చిత్రము, ఒకే నగరమున తయారగుచుండెను. రెడ్డిచ్‌లోని కర్మాగారము 1967లో మూతపడెను. మన దేశములోనిది నిలిచెను. చిత్రములు మాత్రము హైదరాబాదు చేరెను.

ఇక నా యాపద వినుడు. ఊరు విడుచుటకు కొలది దినములు ముందు క్లచ్చి వైరు తెగిపోగా ఒక దుకాణమున క్రొత్త వైరు వేయించితిని. ఊరిలో నేమియు తెలియలేదు. బడికి పోవు మార్గమున క్లచ్చిని పది మారులు పట్టిన అధికము. ఫిలింనగరులో నిల్లు వెడలి జూబిలీ హిల్సు చెక్‌పోస్టు చేరునప్పటికి అరువది మారులు పట్టవలసివచ్చెను. నెల తిరుగకముందే ఎడమచేతి వ్రేళ్లు వాచినవి. రాత్రులు కంచము పట్టుటయు కష్టమయ్యెను. నాకు వయస్సు మీరినదని నేను, కీళ్లవాతమని ఇరుగుపొరుగువారు నిశ్చయించితిమి. ఒక దుకాణమునకు తీసికొనిపోగా వారు బండిని విప్పి, ప్లేట్లు అరిగిపోయినవని చెప్పి, క్రొత్తవి వేసి, సొమ్ము పుచ్చుకొనిరి. బిగువు వీసమంతయు తగ్గలేదు.

ఒకనాటి యుదయమున నొక యెగుడు వీధిలో ముందున్న కారు నిలిచినందున నేనును నిలిచితిని. బండి మొదటి గేరునందున్నది. క్లచ్చిని బిగియబట్టియుంటిని. అరనిమిషము గడచెను. వ్రేళ్లు వణక నారంభించెను. తుదకు చేయి జారెను. బండి ఒక్క దుముకు దుమికి ఆగిపోయెను. నా ముందు చక్రమునకు జానెడు దూరమున, కారునకును నాకును నడుమ, పూలబుట్ట నెత్తిన పెట్టుకొన్న యొక ముసలమ్మ నిలిచియుండెను. ఆమె నన్ను తిట్టలేదు. "మెల్లగ, పెద్దాయనా" అని మాత్రము అని దాటిపోయెను. తిట్టియుండినచో నాకు కొంత యూరట కలిగెడిది.

ఆ సాయంకాలము మా వాడు, "నాన్నగారూ, ఇక ఆ బండి మీ చేతికి వద్దు, అమ్మేద్దాం" అనెను. నేను మారు పలుకలేదు. ఒకరు వచ్చి చూచి బయానా యిచ్చిపోయిరి. ఆదివారమునాడు మిగిలిన సొమ్ము తెచ్చి బండిని తీసికొనిపోవునట్లు ఒప్పందము.

బండి పోవునని తెలిసిన తరువాతనే దానిని గూర్చి తెలిసికొనవలెనను కోరిక నాకు పుట్టినది. మానవ స్వభావమట్టిది. క్లచ్చి యననేమి? తిరగలిని తలచుకొనుడు. మీది రాయి క్రింది రాతిని తాకియున్నంతవరకు రెండింటికిని పట్టు ఉండును. మీదిదానిని వెండ్రుకవాసి లేపినచో పట్టు విడిపోవును. క్లచ్చియందు అట్టి బిళ్లలు వరుసగా నుండును. కొన్ని ఇంజనుతో తిరుగును, కొన్ని గేర్లను త్రిప్పును. స్ప్రింగులు వానిని గట్టిగా నదిమిపట్టి యుంచును. మనము లివరు నొక్కినప్పుడు ఆ స్ప్రింగుల నెదిరించి బిళ్లలను విడదీయుచున్నాము. ఇంజను తన దారిని తిరుగుచుండును, చక్రము నిలిచియుండును. క్లచ్చికి సంస్కృత శబ్దమొకటి కల్పింపుమని నన్నొక మిత్రుడడిగెను. కల్పింపవచ్చును గాని దానిని విని మెకానిక్కు పానా క్రింద పడవైచును. క్లచ్చి యనియే యుండనిండు.

మొట్టమొదట ఈ సౌకర్యము లేదు. 1894లో జర్మనీ దేశపు మ్యూనిక్ నగరమున హిల్డెబ్రాండు, వుల్ఫ్‌ముల్లరు అనువారి సంస్థ అమ్మకమునకై తయారుచేసిన మోటారు సైకిలునందు ఇంజను కడ్డీలు రైలింజనునందువలె నేరుగా వెనుక చక్రమునకే తగిలించియుండెను. చక్రము నిలిచిన ఇంజనును నిలువవలసినదే. మరల కదలుటకు బండిని త్రోయుచు పరుగెత్తి ఎగిరి కూర్చుండవలెను. అట్టి బండి ఫిలింనగరు ఎగుడున నొక దినమైన నిలుచునా? తరువాతి యిరువది సంవత్సరములలో క్లచ్చి క్రమముగా మోటారు సైకిలునకు అంగమయ్యెను. గేరును కాలితో మార్చుకొను పద్ధతిని 1920ల చివర ఇంగ్లండులోని వెలోసెట్ వారు కుదుర్చగా, క్లచ్చి ఎడమచేతిది, గేరు కాలిది యను విభాగము స్థిరపడినది.

అయితే పైనున్న చేతి బలము క్రిందనున్న బిళ్లలకు చేరుటెట్లు? హ్యాండిలు అటునిటు తిరుగును, కావున నిలువు కడ్డీ పనికిరాదు. ఆ చిక్కును విప్పినది బౌడెన్ తీగ. ఎర్నెస్టు మోనింగ్టన్ బౌడెన్ అను ఆయన 1896లో ఇంగ్లండునందు దీనికి పేటెంటు పొందెను. ఉక్కు తీగను పాము చుట్టవలె చుట్టిన గొట్టమొకటి, దాని లోపల పురిపెట్టిన సన్నని తీగ యొకటి, ఇంతియే. గొట్టము రెండు కొనలు కదలకుండ ఆనియుండును, లోపలి తీగ మాత్రము జరుగును. గొట్టము ఎట్లు వంగినను లాగుడు అవతలి కొనకు చేరును. మన కపిలమోటకు కప్పీ యెట్టిదో ఈ తీగకు ఆ గొట్టము అట్టిది, తాడు దిక్కు మార్చుటకు ఆధారము. కప్పీ యిరుసు ఎండిపోయిన ఎద్దులు రొప్పునట్లే, గొట్టము లోపల ఎండినను, త్రుప్పు పట్టినను, ఇరుకుగా వంగినను చేయి రొప్పును. బండి యిరుసునకు కందెన వేయకున్న నేమగునో మీకు నేను చెప్పవలెనా?

చిత్రములలో నాయకుడు బుల్లెట్టుమీద ఎంతదూరమైన నవ్వుచు పోవును గదా యని మీరనవచ్చును. దగ్గరనుండి ముఖము చూపునప్పుడు బండిని తరచుగా నొక చక్రముల బల్లపై నిలిపి లాగుదురు. ఆయన క్లచ్చిని పట్టనే పట్టడు.

బయానా పుచ్చుకొన్న మూడవనాడు, బండిని అప్పగించుటకు ముందు కడిగింపవలెనని మా వీధి చివర చిన్న దుకాణమునకు తీసికొనిపోతిని. అచటి మెకానిక్కు నా యీడువాడు. యౌవనమంతయు షూటింగులకు మోటారు సైకిళ్లను సిద్ధముచేయుటలో గడపినవాడు. ఆయన బండి నెక్కి క్లచ్చిని ఒకమారు పట్టెను. హ్యాండిలును ఎడమకు త్రిప్పి మరల పట్టెను, కుడికి త్రిప్పి మరల పట్టెను. ఆపై నావైపు తిరిగి, "సారూ, ఈ ప్లేట్లు ఎవరేసిన్రు? పైసలు దండుగ. దోషం వైర్ల ఉన్నది" అనెను. వైరు క్రొత్తదని నేను వాదించితిని. "కొత్తదైతె ఏంది సారూ, తొవ్వ తప్పింది" అనెను.

ఆయన చేసిన పరీక్షను చూచి నేను విస్తుపోతిని. అది నేను బాల్యమున తర్కసంగ్రహమునందు చదువుకొన్న అన్వయ వ్యతిరేకములే. ఒకటి యున్నచోట రెండవది యుండుట అన్వయము. అది లేనిచోట ఇదియు లేకుండుట వ్యతిరేకము. ఆయన వైరు క్రింది కొనను గేరు పెట్టె వద్ద విడిపించి, లివరును నన్నే పట్టుమనెను. క్రింద స్ప్రింగుల బరువు లేదు, అయినను లివరు బిగువుగానే యుండెను. కావున దోషము పైభాగముననే కలదు, బిళ్లలయందు లేదు. పై కొనను కూడ విడిపించి లివరును ఆడించెను. అది యూచలాడెను. కావున లివరు నిర్దోషి. వైరును చేతితో లాగెను, రాలేదు. గేరు పెట్టె వద్దనున్న చేతిని ఆడించి చూడగా అది సరిగా తిరిగెను. పది నిమిషములలో దొంగ చిక్కెను. నేను నలువది యేండ్లు తర్కము చదివియు ఒక్కనాడును ఆ వైరును విప్పి చూడనైతిని. క్రొత్తది గదా యను ఒక్క మాట నా కన్నులు కప్పినది.

బుల్లెట్టునకు లివరు ఎడమచేతి వద్ద నుండును, క్లచ్చిని కదలించు చేయి కుడివైపున గేరు పెట్టె వద్ద నుండును. ఆ చేయి గేరు పెట్టె లోపలి కడ్డీ యొకదానిని త్రోయగా, ఎడమవైపునున్న బిళ్లలు విడును. కావున వైరు బండిని అడ్డముగా దాటవలెను. ఊరిలో క్రొత్త వైరు వేసినవారు దానిని విశాలమైన వంపుతో పోనీయక, హెడ్‌లైటు వెనుక నిరుకున దూర్చి, పెట్రోలు టాంకు అంచు క్రింద నొక్కియుంచిరి. హ్యాండిలు ఎడమకు తిరిగినప్పుడెల్ల అది మడతపడుచుండెను. గొట్టము అచట నలిగి చప్పిడియై యుండెను. లోపలి తీగపై ఒక ప్రక్క మాత్రము అరిగిన గీత. రెండు పోగులు తెగి ముండ్లవలె నిలిచియుండెను. ఇంకొక నెల నడిపియుండినచో ఏ దిగుడునందో పుటుక్కున తెగియుండెడిది.

మీ బండికిని ఇట్టి బిగువు వచ్చినచో ఈ వరుసనే చూడుడు. బిళ్లలను విప్పించుట తుదిది, మొదటిది కాదు. లివరు మేకు ఎండియున్న తుడిచి గ్రీసు పెట్టుడు. వైరు పాతపద్ధతిదైనచో పాలప్యాకెట్టు మూల కత్తిరించి, దానిని గరాటువలె పై కొనకు కట్టి, కొంచెము ఇంజను ఆయిలు పోసి రాత్రియంతయు నిలువుగా వ్రేలాడదీయుడు. తెల్లవారునప్పటికి క్రింది కొనయందు నల్లని చుక్కలు కానవచ్చును. ఇప్పటి వైర్లు కొన్నింటికి లోపల నైలాను పూత యుండును. వానికి నూనె అక్కరలేదు. పోగులు తెగిన తీగకు మాత్రము నూనె వేసి ప్రయోజనము లేదు, మార్చవలసినదే. మార్చిన తరువాత లివరు మొదట 2, 3 మిల్లీమీటర్ల సందు విడువుడు. సందు లేకున్న బిళ్లలు పూర్తిగా అంటుకొనక జారి మాడును. ఎగుడున కాలిన వాసన వచ్చుట దానివలననే.

చేతి క్లచ్చియే లేని బండ్లును కలవు. జపానునందు హోండా వారు 1958లో సూపర్ కబ్ అను బండిని తెచ్చిరి. దానియందు క్లచ్చి వేగమునుబట్టి తనంతట తానే పట్టును, విడుచును. ఒక చేత సేమ్యా గిన్నెలు పట్టుకొని రెండవ చేతితో నడుపు కుర్రవారి కొరకు దానినట్లు రూపొందించిరని చెప్పుదురు. నేడు జూబిలీ హిల్సు వీధులలో భోజనపు పొట్లములతో తిరుగు యువకులలో గేరులేని స్కూటరు నడుపువారిని చూచినప్పుడెల్ల నాకు ఆ కథ గుర్తు వచ్చును.

క్రొత్త వైరు వెల రెండువందల చిల్లర. మెకానిక్కు దానిని వేసి, హ్యాండిలును రెండు కొనలకును త్రిప్పి, "ఇప్పుడు పట్టు సారూ" అనెను. రెండు వ్రేళ్లతో పట్టితిని. వచ్చెను. కీళ్లవాతమని తలచిన నొప్పి పదిదినములలో నెమ్మదించెను.

ఆదివారమునాడు కొనువారు వచ్చిరి. నేను బయానా సొమ్మును తాంబూలపు పళ్లెములో పెట్టి యెదుట నుంచి, క్షమింపుమని కోరితిని. ఆయన కోపగించలేదు గాని, ఒకమారు బండి నెక్కి క్లచ్చిని పట్టి చూచెను. మరల పట్టెను. దిగి, పైన ఇంకొక అయిదు వేలు ఇత్తుననెను. మా వాడు నావైపు చూచెను. నేను వంటయింటిలోనికి పోయి ఆయనకు కాఫీ చెప్పితిని.