చీజు చేసిందెవరు?

1784లో ఇంగ్లండులో జొసయ్య ట్వామ్లీ అనే చీజు వర్తకుడు తన సరుకు తయారీపై ఒక గ్రంథం ప్రకటించాడు. ఆయన కొని అమ్మినవాడు. చేసినవారు పల్లెల్లోని పాడి స్త్రీలు. పాల వేడిని చేతితోనే పోల్చుకోగల వారి నేర్పు తల్లి నుంచి కూతురికి సంక్రమించిందే గాని కాగితానికెక్కలేదు. సరుకంతా ఒకే తీరుగా ఉంటేనే వర్తకానికి లాభం. అందుకే ఆయన కలం పట్టాడని నా అభిప్రాయం. మగవాడి సలహాను ఆ స్త్రీలు లక్ష్యపెట్టరని మాత్రం వాపోయాడు.

1851లో న్యూయార్కు రాష్ట్రంలో జెస్సీ విలియమ్సు కర్మాగార పద్ధతి ప్రారంభించాక, చీజు పని క్రమంగా ఆడవారి చేతుల నుంచి జారిపోయింది.

ఆ గ్రంథం విలువను నేను కాదనను. కాని అందులోని జ్ఞానం ఎవరి శ్రమఫలమో చదివే, బోధించే మనం అడగకపోతే, వర్తకుడి పేరే చరిత్రగా మిగులుతుంది.